ఫీల్‌పా, శ్లీపదం, బోదకాలు: ఒక వ్యాధినామ విచారము

వైద్యశాస్త్రంతో మాకు ప్రత్యక్ష పరిచయం లేదు. మేము తెలుగు బోధించేవారము. మందుల పేర్లకంటె ఛందస్సుల పేర్లే మాకు సన్నిహితాలు. అయినను రెండేండ్ల క్రిందట ఒక వైద్యపదం మమ్ము వెదుకుకొంటూ మా తరగతి గదికే వచ్చినది.

డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు పాఠం ముగిసిన పిమ్మట వెనుక నిలబడి, జేబులోనుండి నాలుగు మడతలు పెట్టిన ఆసుపత్రి చీటీ తీసి మా చేతికిచ్చినాడు. అందులో ఇంగ్లీషు అక్షరాలలో ‘ఎలిఫెంటియాసిస్’ అని ఒకే మాట. అతని తల్లికి ఎడమకాలు మోకాటి క్రింద ఏండ్ల తరబడి వాచి ఉన్నది. వారిది నల్లగొండ జిల్లా పల్లెనుండి పాతబస్తీకి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంటిలో దానిని ‘సూజన్’ అనేవారు తప్ప మరొక పేరు పెట్టలేదు. అతని అక్కకు ఒక సంబంధం ఖాయమైనది. ఇంతలో ఈ చీటీ పెండ్లివారి కంట పడినది. వారిలో చదువుకొన్న పెద్దాయన ఒకరు ఇంటిలో ఉన్న పాత ఇంగ్లీషు నిఘంటువు తెరచి చూడగా, ఆ మాట కెదురుగా ‘కుష్ఠురోగం’ అని ఉన్నదట. సంబంధం అక్కడితో ఆగిపోయినది. అంతటితో పోలేదు. ఆ తల్లిని వంటింటిలోనికి రావద్దన్నారు. ఆమె పళ్ళెం, గ్లాసు వేరు చేసినారు.

“సార్, మా అమ్మీకి వచ్చింది జుజామేనా?” అని ఆ పిల్లవాడు అడిగినాడు.

కాదని వెంటనే చెప్పినాము. అది చెప్పడానికి వైద్యుడు కానక్కరలేదు. ఏనుగుకాలువలె లావెక్కే ఆ జబ్బు బోదకాలు అని, కుష్ఠు అది కాదని మన ఊళ్ళలో పశువుల కాపరికి కూడ తెలుసు. కాని అచ్చయిన నిఘంటువు అట్లా ఎందుకు చెప్పినది? అది అచ్చుతప్పని ఆనాడు అనుకొన్నాము. తరువాత వెదకి చూడగా తేలినదేమంటే, ఆ నిఘంటువు తప్పు చెప్పలేదు. అది చెప్పినది ఒకప్పటి నిజం. ఒక మాట రెండువేల ఏండ్లలో మూడు భాషల గుండా ప్రయాణం చేసి, ఒక రోగాన్ని దించి మరొక రోగాన్ని ఎక్కించుకొన్నది. ఆ ప్రయాణంలో అరబీ భాషకు ముఖ్యమైన పాత్ర ఉన్నది కనుకను, మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును చదివేవారున్నారు కనుకను, ఆ కథ ఇక్కడ చెప్పడం ఉచితమని తోచినది.

మొదట అతివృద్ధి అనే భావాన్ని గూర్చి రెండు మాటలు. శరీరంలో ఒక భాగం ఉండవలసిన దానికంటె పెరిగితే ఇంగ్లీషు వైద్యులు ‘హైపర్‌ట్రొఫీ’ అంటారు. గ్రీకులో ‘హుపెర్’ అనగా మిక్కిలి, ‘త్రొఫే’ అనగా ఆహారం, పోషణ. కనుక అక్షరార్థం ‘అతిపోషణ’. తిండి ఎక్కువైన అవయవం పెరుగుతుందని పూర్వుల ఊహ. నేడు ఆ మాటకు నిర్దిష్టమైన అర్థం ఉన్నది: కణాల సంఖ్య పెరగకుండా ఒక్కొక్క కణమే లావెక్కడం. కుస్తీ పట్టేవాని దండలలో జరిగేది ఇదే. బార్కస్ పహిల్వానుల దండలు చూచినవారికి వేరే ఉదాహరణ అక్కరలేదు. కణాల సంఖ్యే పెరిగితే దానిని ‘హైపర్‌ప్లేసియా’ అంటారు. ‘ప్లాసిస్’ అనగా మలచడం, రూపు కట్టడం. ఈ రెండును అదుపులో ఉండే పెరుగుదలలు. అదుపు తప్పి తనదారిన తాను పెరిగేది కంతి, పుట్టకురుపు. దాని జాతి వేరు.

బోదకాలు ఈ గదులలో ఏ ఒక్కదానిలోను పూర్తిగా ఇమడదు. అక్కడ చర్మం మందమవుతుంది, చర్మం క్రింది పొర గట్టిపడుతుంది, నీరు నిలుస్తుంది. అన్నీ కలిసి కాలు స్తంభమవుతుంది. ‘అతిపోషణ’ అనే మాట ఈ రోగం విషయంలో ఎంత క్రూరంగా వినబడుతుందో గమనించవలెను. ఈ కాలు మోసేవారిలో ఎక్కువమంది రెండు పూటల పోషణ కూడ సరిగా లేనివారు. పోషణ ఎక్కువై కాదు, పారవలసిన రసం పారక నిలిచిపోవడం వలన ఇది వస్తుంది. ఆ సంగతికి తరువాత వస్తాము.

ఇక ఏనుగు. గ్రీకులో ‘ఎలెఫాస్’ అనగా ఏనుగు, ఏనుగుదంతం కూడ. దానికి రోగస్థితిని తెలిపే ‘ఇయాసిస్’ ప్రత్యయం చేరి ‘ఎలిఫెంటియాసిస్’ అయినది. (చాలమంది దీనిని ‘ఎలిఫెంటైటిస్’ అంటారు. ‘ఐటిస్’ అనగా మంటతో కూడిన వాపు. ఆ రూపం సాధువు కాదు.) గ్రీకులు ఈ పేరు పెట్టినది కాలి వాపుకు కాదు, కుష్ఠుకు. కపదోకియా వాసియైన అరెటేయుస్ అనే వైద్యుడు ‘ఎలెఫాస్’ అనే పేరుతో చేసిన రోగవర్ణన చదివినవారు అది కుష్ఠేనని గుర్తిస్తారు: గరుకెక్కి ముడుతలు పడిన చర్మం, సింహముఖంవలె మారిన మొగం. రోమను కవి లుక్రేషియస్ కూడ క్రీస్తుపూర్వం ఒకటవ శతాబ్దిలోనే ‘ఏనుగు రోగం’ ఈజిప్టులో నైలునది ఒడ్డున పుట్టుతుందని వ్రాసినాడు. గ్రీకుల కన్ను ఏనుగు చర్మం మీద పడినది. గరుకుగా, బీటలు వారి, మొద్దుబారిన ఆ తోలు వారికి కుష్ఠురోగి చర్మాన్ని జ్ఞాపకం చేసినది.

గ్రీకులకు ‘లెప్రా’ అనే మరొక మాట ఉండేది. అది పొలుసులు రాలే సామాన్య చర్మరోగాలకు చెల్లేది. అంటే నేడు కుష్ఠుకు వాడే మాట ఆనాడు కుష్ఠు కాదు, నేడు బోదకాలికి వాడే మాట ఆనాడు కుష్ఠు. ఈ తారుమారు ఎట్లు జరిగినది?

బగ్దాదులో గ్రీకు వైద్యగ్రంథాలు అరబీలోనికి మారిన కాలంలో, కుష్ఠుకు అరబ్బులకు తమదైన మాట ముందే ఉన్నది. అదే ‘జుజామ్’. అందుచేత గ్రీకు ‘ఎలిఫెంటియాసిస్’ అరబీలో సహజంగానే జుజామ్ అయినది. ఏనుగు అక్కడ దిగిపోయినది. కాని అరబీ హకీములకు ఏనుగుతో మరొక పని పడినది. కాలు వాచి స్తంభంవలె అయ్యే రోగానికి వారు ‘దాఉల్ ఫీల్’ అని పేరు పెట్టినారు. ‘దా’ అనగా రోగం, ‘ఫీల్’ అనగా ఏనుగు. పదవ శతాబ్దికి చెందిన అలీ ఇబ్ను అబ్బాస్ అల్ మజూసీ గ్రంథంలోను, ఇబ్ను సీనా ‘అల్ కానూన్’లోను ఈ రోగం జుజామునుండి వేరుగా నిలిచినది. ఇబ్ను సీనా దీనిని కాలి నరాలుబ్బే ‘దవాలీ’ ప్రక్కన చేర్చి చర్చించినాడు. కాలి రోగాన్ని కాలి రోగాల నడుమనే ఉంచినాడన్నమాట. గ్రీకులు ఏనుగు చర్మాన్ని చూస్తే అరబ్బులు ఏనుగు కాలిని చూచినారు. మా దృష్టిలో అరబ్బుల పోలికే సూటియైనది.

‘ఫీల్’ అనే మాటను గూర్చి ఒక చిన్న ప్రక్కదారి. అది పారసీ ‘పీల్’ యొక్క అరబీ రూపం. అరబీలో పకారం లేదు కనుక పీల్ ఫీల్ అయినది. సంస్కృత నిఘంటువులలో కూడ ‘పీలు’ శబ్దానికి ఏనుగు అని ఒక అర్థం ఉన్నది. పవిత్ర ఖురాన్‌లో 105వ సూరా పేరు ‘అల్ ఫీల్’ అని మన విద్యార్థులకు చెప్పనక్కరలేదు. మన నగరంలో బేగంబజారు ప్రక్కన ఒక పేట పేరు ఫీల్‌ఖానా. నేడక్కడ ఏనుగులు లేవు, అంగళ్ళున్నవి. పేరు మాత్రం మిగిలినది. మొహర్రం పదవనాడు బీబీకా ఆలం ఏనుగు మీద ఊరేగేటప్పుడు పాతబస్తీ పిల్లలు చూచేది ముందుగా ఆ కాళ్ళనే. ఆ మాట పారసీలో ‘పా’ అనే పాదవాచకంతో కలిసి ‘ఫీల్‌పా’ అయి ఉర్దూలోనికి వచ్చినది. ఇప్పటికిని మన యూనానీ హకీములు పలికే పేరు అదే.

ఇక ఐరోపా. పదకొండవ శతాబ్దిలో ఆఫ్రికానుండి ఇటలీకి వచ్చి మోంతె కాసీనో మఠంలో స్థిరపడిన కాన్‌స్టంటైన్ అనే పండితుడు అల్ మజూసీ గ్రంథాన్ని లాటినులోనికి తెచ్చినాడు. పండ్రెండవ శతాబ్దిలో తొలెదో నగరంలో క్రెమోనా వాసియైన జెరార్డు ఇబ్ను సీనా ‘కానూన్’ను అనువదించినాడు. ఈ అనువాదాల దారిలో జుజామ్ ‘లెప్రా’ అయినది. దాఉల్ ఫీల్ మాటకు మాటగా ‘ఏనుగు రోగం’ అయినది. అరబీ నుండి అనువదించినవారికి ఇందులో చిక్కేమీ కనబడలేదు. చిక్కు తరువాతి తరాలది. అరబీ దారిన వచ్చిన గ్రంథాలతోబాటు గ్రీకు మూలాలను కూడ తిన్నగా చదువనారంభించినప్పుడు, ఒకే పేరు రెండు రోగాల మీద వ్రాలియుండడం వారికి కనబడినది. పాత గ్రీకు ఎలిఫెంటియాసిస్ కుష్ఠు. అరబీ దారిన వచ్చిన ఎలిఫెంటియాసిస్ కాలి వాపు. వైద్యులు దానికి చేసిన ఉపాయం మరీ విచిత్రమైనది. ఒకదానిని ‘గ్రీకుల ఎలిఫెంటియాసిస్’ అని, రెండవదానిని ‘అరబ్బుల ఎలిఫెంటియాసిస్’ అని పిలువసాగినారు. పందొమ్మిదవ శతాబ్దిదాక వైద్యగ్రంథాలలో ఈ రెండు పేర్లు నడచినవి. ఆ శతాబ్దిలో అచ్చయిన నిఘంటువులు కొన్ని రెండర్థాలు ఇచ్చినవి, కొన్ని ఒక్క అర్థంతో సరిపెట్టుకొన్నవి. మా విద్యార్థి ఇంటి సంబంధాన్ని ఆపినది ఈ రెండవ రకం.

కాబట్టి అనువాదం అంటే నిఘంటువు చూచి మాటకు మాట పెట్టడమే అనుకొనే విద్యార్థులు ఈ కథను ఒకసారి జ్ఞాపకం చేసుకొనవలెను. మన నగరంలో 1917లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా అనువాదశాఖ, ప్రజల నోట ‘దారుల్ తర్జుమా’, ఏర్పడినది. ఒక కాలంలో ఇక్కడ వైద్యవిద్య కూడ ఉర్దూలోనే సాగినది. ఒక్కొక్క పారిభాషిక పదానికి పండితులు, ఆ శాస్త్రం తెలిసినవారు కలిసి కూర్చుండి చర్చించేవారు. అంత శ్రమ ఎందుకని నేడు నవ్వేవారున్నారు. ఎందుకో పై కథే చెబుతున్నది.

మన దేశపు పేర్ల వైపు వత్తాము. సంస్కృత వైద్యంలో దీని పేరు శ్లీపదం. ‘శిలవలె ఉన్న పదం’, రాయివంటి పాదం, అని సంప్రదాయ వ్యుత్పత్తి. ఇక్కడ ఏనుగు లేదు, రాయి ఉన్నది. సుశ్రుత సంహిత నిదానస్థానం 12వ అధ్యాయంలో ఈ రోగ లక్షణాలు చెప్పబడినవి. అందులో మమ్ము ఆశ్చర్యపరచిన విషయం ఒకటున్నది: పాతనీరు చాలకాలం నిలిచి, అన్ని ఋతువులలోను చల్లగా ఉండే ప్రదేశాలలోనే ఇది విశేషంగా పుట్టుతుందని ఆ గ్రంథం చెప్పుచున్నది. సూక్ష్మదర్శిని లేదు, దోమ సంగతి తెలియదు. అయినను కన్ను నిలిచిన నీటి మీదికి పోయినది. కారణం తెలియకముందే చిరునామా తెలిసినదన్నమాట.

పొరుగు భాషలు కొన్నిటిలో ఏనుగే ఉన్నది. తమిళంలో యానైక్కాల్, కన్నడంలో ఆనెకాలు, హిందీలో హాథీపాఁవ్. మన తెలుగు మాత్రం ఈ వరుసలో నిలువలేదు. ‘ఏనుగుకాలు’ అనేవారు అక్కడక్కడ లేకపోలేదు గాని, జనం నోట స్థిరపడిన మాట బోదకాలు. కొందరు బోదెకాలు అని కూడ అంటారు. ‘బోదె’ అనగా చెట్టు మొదలు, మొద్దు. మోకాటి నుండి మడమ దాక ఒకే లావుగా, నడుమ సన్నం లేకుండ దిగే కాలికి చెట్టు మొదలుకంటె సరియైన ఉపమానం మాకు తోచుట లేదు. ఏనుగులు రాజుల దగ్గర ఉండేవి, చెట్లు రైతు ముంగిటనే ఉండేవి. పేరు పెట్టినవాడు రైతు. అదే రైతు పొలానికి నీరు తెచ్చే చిన్న కాలువను కూడ బోదె అనే అంటాడు. ఈ రెండవ బోదెకు రోగంతో వ్యుత్పత్తి సంబంధం అంటగట్టే సాహసం మేము చేయము. కాని నీటికాలువల సీమలోనే ఈ రోగం కూడ బలసినది.

కేరళతీరానికి వచ్చిన పోర్చుగీసులు దీనిని తోమా మహర్షి శాపమన్నారు. ఆ మహర్షిని చంపినవారి వంశాలకు ఈ కాలు వస్తుందని ఒక కట్టుకథ. పదహారవ శతాబ్ది చివర గోవాలో ఉండిన లిన్‌స్కోటెన్ అనే డచ్చి యాత్రికుడు ఈ మాటను తన పుస్తకంలో వ్రాసికొన్నాడు. రోగికి కాలి బరువు చాలదన్నట్లు పాపపు బరువు కూడ నెత్తిన పెట్టడం ఏ ఒక్క మతానికో, ఏ ఒక్క దేశానికో చెందిన అలవాటు కాదు.

ఇప్పుడు అసలు కారణం. మన శరీరంలో రక్తనాళాలతోబాటు సన్నని మరొక నాళాల వల ఉన్నది. రక్తంనుండి ఊరి కణాల నడుమ చేరే పలుచని ద్రవాన్ని అది మరల రక్తంలోనికి చేర్చుతుంది. ఆ ద్రవం శోషరసం. ఇంగ్లీషులో ‘లింఫ్’, లాటినులో తేటనీరు అని అర్థం. దారపు పోగువంటి పురుగులు కొన్ని ఈ నాళాలలో కాపురం పెట్టుతవి. ఆడపురుగు ఎనిమిది పది సెంటీమీటర్ల పొడవుండును. అవి అయిదారేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి జీవించి, లక్షలాది సూక్ష్మమైన పిల్లలను రక్తంలోనికి వదలుతవి. పురుగులున్న నాళాలు సాగి, వదులై, రసాన్ని పైకి తోలలేకపోవును. రసం కాలిలో నిలుచును. నిలిచిన చోట సామాన్యమైన సూక్ష్మక్రిములు చిన్న పగులుగుండా ప్రవేశించి, జ్వరము, వణుకు, ఎర్రని వాపు తెచ్చును. అట్టి జ్వరం వచ్చిపోయిన ప్రతిసారి కాలు ఇంకొంత గట్టిపడును. కాలు ఒక్కరాత్రిలో ఏనుగుకాలు కాదు. జ్వరం మీద జ్వరంగా, ఏటికేడాదిగా అవుతుంది. పురుషులలో కొందరికి కాలికి బదులు వరిబీజంగా కనబడుతుంది. దానికి శస్త్రచికిత్స ఉన్నది.

ఈ పురుగు జాతిపేరు ఫైలేరియా. చాలమంది విద్యార్థులు, అందులోను ఉర్దూ వచ్చినవారు, ‘ఫైలేరియా’లో ‘ఫీల్’ దాగియున్నదనుకొంటారు. మేము కూడ కొంతకాలం అట్లే అనుకొన్నాము. అది పొరపాటు. లాటిను ‘ఫీలుమ్’ అనగా దారం, పోగు. పోగువంటి పురుగు కనుక ఫైలేరియా. ఏనుగు ఒకవైపునుండి, దారపుపోగు మరొకవైపునుండి వచ్చి ఒకే కాలిలో కలిసినవి. ధ్వని కలిసినంత మాత్రాన వ్యుత్పత్తి కలువదనడానికి తరగతిలో ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

పురుగు పిల్లలను 1863లో పారిసులో దెమార్కే, 1866లో బ్రెజిలులో వూఖెరెర్ రోగుల ఇతర ద్రవాలలో చూచినారు. 1872లో కలకత్తాలో తిమొతి లూయిస్ వాటిని మనుష్య రక్తంలోనే చూచినాడు. పెద్దపురుగు 1876లో ఆస్ట్రేలియాలో బాన్‌క్రాఫ్టు కంట పడినది. అందుకే దాని శాస్త్రీయనామంలో వూఖెరెర్, బాన్‌క్రాఫ్టు ఇద్దరి పేర్లు ఉన్నవి. చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తూ ఉండిన పాట్రిక్ మాన్సన్ 1877లో ఈ పురుగు పిల్లలు దోమ శరీరంలో ఎదుగుతాయని కనిపెట్టినాడు. ఒక రోగాన్ని దోమ మోస్తుందని తేలడం అదే మొదలు. మరొక చిత్రం కూడ అతడు గమనించినాడు. ఈ పిల్లలు పగలు రక్తంలో దాదాపు కనబడవు. రాత్రి పదినుండి రెండు వరకు గుంపులుగా పైకి వచ్చును. దోమ కుట్టే వేళకు అవి సిద్ధమగును. అందుకే నేటికిని ఈ రోగం కొరకు చేసే రక్తపరీక్ష రాత్రివేళనే చేస్తారు. రాత్రి తొమ్మిది దాటిన తరువాత గల్లీలోనికి సూది పట్టుకొని వచ్చిన ఉద్యోగిని చూచి తలుపులు మూసుకొనే ఇండ్లకు ఆ వేళలోని అంతరార్థం ఎవరును చెప్పకపోవడం విచారకరం.

మాన్సన్ ఊహ మన నగరానికి కూడ చేరినది. మలేరియాను కూడ దోమయే మోయునేమో చూడుమని అతడు పురికొల్పిన శిష్యుడు రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని రాస్ చూచినాడు. బేగంపేటలో ఆ భవనం ఉన్నది. రాస్ పేరు మన పిల్లలందరికి తెలుసు. ఆ దారి తొలుత బోదకాలి పురుగుది అని తెలిసినవారు తక్కువ. దోమలలో కూడ తేడా ఉన్నది: మలేరియా దోమ సాధారణంగా తేటనీటిని కోరును, బోదకాలి దోమకు మురికినీరే ప్రియం. మూతలేని మోరీలు, నిలిచిన మరుగుదొడ్డి గుంటలు దాని పుట్టినిండ్లు. నగరంలో కూర్చుండి ఇది పల్లెల జబ్బని అనుకొనేవారు తమ వాకిటి మోరీని ఒకసారి తొంగిచూడవలెను.

మందు సంగతి చెప్పేటప్పుడు తెలుగువారు ఒక్కక్షణం ఆగవలెను. ఈ పురుగు పిల్లలను రక్తంనుండి తొలగించే మందు, డైఇథైల్ కార్బమజీన్, 1947లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంనుండి ‘హెట్రజాన్’ అనే పేరుతో బయటికి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులు వేలసంఖ్యలో ఈ రోగం తెచ్చుకొనడంతో ఆ దేశానికి దీనిమీద దృష్టి కలిగినది. ఆ పరిశోధనాలయానికి అప్పుడు పరిశోధన నిర్దేశకుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో పెరిగి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి అమెరికాకు పోయినవాడు. ఆయన సోదరులలో ఒకరు స్ప్రూ అనే ఉష్ణదేశపు వ్యాధితో మరణించినారు. ఆ రోగానికి ఉపకరించే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది కూడ ఆయన బృందమే. మన వ్యాససందర్భానికి మరింత తగిన విషయం మరొకటున్నది. రక్తకణాలు అదుపు తప్పి పెరిగే పిల్లల రక్తకాన్సరుకు 1948లో బోస్టనులో ఫార్బరు వాడి చూచిన అమినోప్టెరిన్ కూడ ఆ బృందం ఇచ్చినదే. శరీరంలోని రెండు విధాల అమితవృద్ధులను ఎదిరించే మందులు ఒకే తెలుగువాని ఆధ్వర్యంలో రెండేండ్ల వ్యవధిలో వెలువడినవి. ఆయన 1948 ఆగస్టులో మరణించినాడు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేర తపాలాబిళ్ళ వేసినది. మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో ప్రారంభమైనప్పుడు శిక్షణకు, పరిశోధనకు నెలకొల్పిన కేంద్రాలలో ఒకటి రాజమహేంద్రవరంలోనే ఏర్పడినది. గోదావరి కాలువల సీమలో ఈ కాళ్ళు అంత విరివిగా ఉండేవి.

ఒక మాట స్పష్టంగా చెప్పవలెను. ఈ మందు పురుగు పిల్లలను తుడుచును గాని, స్తంభమైపోయిన కాలిని మరల కాలు చేయదు. మందు ముఖ్యంగా రోగం ఇతరులకు పాకకుండ చేయడానికి. అందుకే 2004నుండి రోగమున్న జిల్లాలలో, వాపు ఉన్నవారు లేనివారు అనే భేదం లేకుండ, ఏడాదికొకసారి ఊరందరికి మాత్రలు మ్రింగిస్తున్నారు. గర్భిణులకు, రెండేండ్లలోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి మినహాయింపు. ‘నాకు కాలు బాగానే ఉన్నది, నాకెందుకు?’ అని మాత్రను జేబులో వేసుకొనేవారి రక్తంలోనే పిల్లపురుగులు ఉండవచ్చును. శ్రీలంక 2016లోను, బంగ్లాదేశ్ 2023లోను ఈ రోగాన్ని ప్రజారోగ్యసమస్యగా తొలగించినట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ గుర్తించినది. మన దేశం పెట్టుకొన్న గడువు 2027.

కాలు వాచినవారికి చేయదగిన సేవ ఇంటిలోనే ఉన్నది. దినదినం సబ్బుతో, శుభ్రమైన నీటితో కాలు కడుగవలెను. వ్రేళ్ళ సందులు మెత్తని గుడ్డతో తడి లేకుండ ఒత్తవలెను. పగుళ్ళకు మందు పూయవలెను. కూర్చున్నప్పుడు, పడుకొన్నప్పుడు కాలు ఎత్తుగా ఉంచవలెను. ఇంత సామాన్యమైన పనితో జ్వరాలు తగ్గుతవి, జ్వరాలు తగ్గితే కాలు మరింత లావెక్కదు. అన్నిటికంటె ముఖ్యంగా, ఈ రోగం ముట్టుకొంటే రాదు, పళ్ళెం వలన రాదు, వంట వలన రాదు. దోమ వలననే వచ్చును. ఆ మాటకు వస్తే నేడు కుష్ఠు కూడ మందుతో పూర్తిగా నయమయ్యే రోగమే; చికిత్స మొదలైన రోగినుండి అది ఇతరులకు సోకదు. కనుక ఆ ఇంటివారి భయం రెండు విధాల నిరాధారం. తెలంగాణ ప్రభుత్వం 2018లో బోదకాలు బాధితులకు కూడ ఆసరా పింఛను వర్తింపజేసినది. కాలు కనబడకుండ దాచుకొని ఇంటిలో కూర్చున్నవారి పేరు ఆ జాబితాలోనికి ఎట్లు ఎక్కును?

మా విద్యార్థికి ఆనాడు ఒక తెల్లకాగితం మీద నాలుగు పేర్లు వ్రాసి ఇచ్చినాము. పైన ఇంగ్లీషు పేరు, దాని క్రింద ఉర్దూ లిపిలో ఫీల్‌పా, తరువాత శ్లీపదం, బోదకాలు. ఈ నాలుగును ఒకటేనని, జుజామ్ వేరని క్రింద ఒక వాక్యం. వ్యాకరణం చెప్పేవాని మాట ఇంటిలో చెల్లదేమో అన్న సందేహంతో అతనిని చార్మినారు ప్రక్కనున్న నిజామియా యూనానీ ఆసుపత్రికి, అటుపిమ్మట ఇంగ్లీషు వైద్యుని వద్దకు కూడ తల్లిని తీసుకొని పొమ్మన్నాము. ఇద్దరును ఒకే మాట చెప్పినారట. పోయిన సంబంధం మాత్రం తిరిగి రాలేదు. ఆ పెద్దాయనకు నిఘంటువు మీద ఉన్న గౌరవం అంతటిది.

కిందటి ఏడాది ఆ అమ్మాయికి మరొకచోట పెండ్లి అయినది. మేమును పిలుపు అందుకొని పోయినాము. బగారా అన్నం బాగున్నదని మేమంటే, ఉప్పు, మసాలా చూచినది తన తల్లియేనని ఆ పిల్లవాడు చెప్పినాడు. తెల్లవారుజామునుండి దేగ్చాల దగ్గర పీట వేసుకొని, ఎడమకాలు మరొక పీటమీద ఎత్తి పెట్టుకొని కూర్చున్నదట.